నాలుగో లాంతరు

మూడు లాంతర్ల దగ్గర మలుపు తిప్పుతుంటే
స్పీడుముల్లు పక్కన నాలుగోది వెలిగింది,
చిక్కుడుగింజంత ఇంజిను బొమ్మ, పసుప్పచ్చగా.
వెనక ఇరుక్కున్న ఏడుగురు బడిపిల్లల్లో
ముందుపళ్లు ఊడినవాడు
"పిన్నీ, బాతు ఎలిగింది" అన్నాడు.
నవ్వాను గాని
ఆ రోజంతా బాతు నా కడుపులో ఈదుతూనే ఉంది.

శనివారం చీకటిపడ్డాక తమ్ముడు తవిటినాయుడొచ్చాడు.
ఆనందపురం షోరూములో పని వాడికి.
తువ్వాల్లో చుట్టి, అరటిపళ్ల సంచి అడుగున దాచి
లక్షన్నర స్కానరు తెచ్చాడు.
"సోమారం పొద్దున్న దాని సోట అది నేకపోతే
నా సోట నానుండనప్పా."

దాసన్నపేట సందులో మా వాకిలి.
వేను సగం వాకిట్లో, సగం కాలవ మీద.
స్టీరింగు కింద తడిమితే
పదహారు చిల్లుల నోరు దొరికింది.
ఇన్నాళ్లూ మోకాలికి గీసుకుంటున్నది
మాటలొచ్చిన నోరని నాకేం తెలుసు?

గుచ్చి తాళం తిప్పాం.
పీ సున్నా నూటడెబ్బయ్యొకటి, అంది తెర.
గాలెక్కువ, పెట్రోలు తక్కువ.
"అయితే సెన్సరు మార్చీమంటావేటి?"
"అది రోగం పేరు కాదప్పా, మూలుగు.
నొప్పెక్కడో మనమే ఎతుక్కోవాల."

వాడు టార్చి కోసం లోపలికెళ్తే
తోచక నేను బాణం నొక్కుతూ పోయాను.
నీళ్ల వేడి, గాలి బరువు, చక్రాల వేగం,
అడగని సంగతులన్నీ చెబుతోంది.
ఒక గడిలో ఇలా ఉంది:
కోడ్లు చెరిపాక నడిచిన దూరం 412 కిలోమీటర్లు.

చెరిపాకా?
ముగ్గులు తప్ప నేను చెరిపిందేముంది?

పైడితల్లి గుడి ముందు నిమ్మకాయలు తొక్కించిన రోజు
మీటరు అంకె పాలపద్దు వెనక అట్ట మీద రాసుకున్నాను.
87,640.
ఇప్పుడు మీటరులో 88,021.
వేళ్లు మడిచి తీసివేశాను.
నేను నడిపింది మూడొందల ఎనభయ్యొకటి.
మిగిలిన ముప్ఫయ్యొకటీ ఎవరివి?

చీపురుపల్లిలో కూర్మారావు బావ గుమ్మం నుంచి
పైడితల్లి గుడికి ముప్ఫయ్యొకటి.
"దీపం నాగ సూసుకున్నానే దీన్ని" అంటూ
నోట్లు రెండోసారి లెక్కపెట్టి తాళాలిచ్చాడు.

తమ్ముడికి చెప్పలేదు.
సీటెత్తి, ఇంజిను తిరుగుతుండగా
అంట్లసబ్బు నీళ్లు గొట్టాల మీద చిలకరిస్తూ పోయాం.
ఒకచోట నురగ చటుక్కున మాయమైంది,
ఇంజిను గుటకేసింది.
అక్కడ ఎలుక పంటిగాట్లు, మూడు.

నూటనలభై రూపాయల గొట్టం.
ఆదివారం పొద్దున్న అంబటిసత్రం దగ్గర దొరికింది.
బావా, చెరిపినవాడికి నువ్వెంతిచ్చావు?

గొట్టం బిగించాక తెర మీద అంకెలు
అన్నం తిన్న పిల్లల్లా సున్నా చుట్టూ సర్దుకున్నాయి.
అప్పుడడిగింది యంత్రం: చెరిపేయాలా?
అవును. కాదు.
తమ్ముడి వేలు అవును మీదుంది.
"ఒగ్గీ" అన్నాను.
"బాగైపోనాది గదప్పా!"
"బండి బాగైంది. దీన్ని ఉండనీ.
పోతే నాలుగు రోజులకి దానంతటదే పోద్ది."
వాడు నా మొహంలోకి చూశాడు.
ఏ కోడూ దొరకలేదేమో, వైరు చుట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే చీపురుపల్లి వెళ్లాను.
ఇంజిను వెన్నలా తిరుగుతోంది, బాతు వెలుగుతోంది.
బావ కాఫీ ఇప్పించాడు,
బజారుదాకా దింపమని పక్కన కూర్చున్నాడు.
బాతుని చూశాడు.
కిటికీలోంచి చూశాడు.
మళ్లీ బాతుని చూశాడు.
"మీటర్లో ఏటో..." అన్నాడు.
"అవును బావా, ఎలుగుతోంది" అన్నాను.

రైలుగేటు పడింది.
గూడ్సు. యాభై ఎనిమిది పెట్టెలు లెక్కపెట్టాను.
ఆయనింకేమీ అనలేదు.
నేను ఇంజిను ఆపలేదు.