అర పన్ను

అల్లుడు తిర్మల్ బుల్లెట్టు నూకుకుంట తెచ్చిండు.
పక్కన ఓదెలు,
కుడికాలు నేల మీద గీత గీసుకుంట.
గోదావరిఖనిల పొద్దుగాల ఏడు.
నైటు షిఫ్టోళ్లు ఇండ్లకు మర్లుతున్నరు,
కండ్ల చుట్టు బొగ్గు కాటుకలెక్కనే ఉన్నది.

"గేరు కాలుకు అందుతలేదు సదయ్యా" అన్నడు.
కాలే గేరుకు అందుతలేదని అనలే.
నేను గూడ అనలే.

డెబ్భై ఆరు మోడలు. గేరు కుడిదిక్కు, బిరేకు ఎడమదిక్కు.
ఒకటి పైకి, మూడు కిందికి.
ఇప్పటి పోరగాండ్లు ఎక్కితే
బిరేకు అనుకొని గేరేస్తరు.
ఓదెలు కాలు దాన్ని ముప్పయ్యేండ్లు చూడకుంట చదివింది.
పోయిన వానకాలం బాయిల కప్పు కూలింది.
చీలమండల ఇప్పుడు ఉక్కుపట్టీ, ఆరు స్క్రూలు.
అవి నా పేచుకస్‌కు వచ్చేటివి గావు.

గాసునూనె పోసి, బోల్టు వదులు జేసి
లివరు గుంజితే షాఫ్టు బయటవడ్డది,
చుట్టూ సన్నటి పండ్లు,
పసిపోరని నోట్లె పాలపండ్ల లెక్క.

ఉన్న పన్ను మీదనే పెట్టి చూసినం.
డబుల్ స్టాండు మీద తిర్మల్ ఎనుక చక్రం తిప్పుతుండు.
రెండు, మూడు, నాలుగు,
మెట్లు దిగినట్టు దిగిండు ఓదెలు.
ఒకటికే బొటనవేలు లివరు కిందికి జొరదు.
ఒకటి లేకుంట ఎక్కడికెళ్లి మొదలువెడ్తవ్?

ఒక పన్ను పైకి జరిపిన.
వేలు జొరబడ్డది. మోకాలితోని లేపిండు.
టక్.
నవ్విండు. ఆ నవ్వు రెండో గేరు దాక ఉండలే.
లివరు మీదికి కాలెక్కాలె, చీలమండ వంగది.
మోకాలు గాలిల లేచి, ఆగి, జారి కిందవడ్డది.

పైకి, కిందికి, మళ్ల పైకి.
తొమ్మిదిసార్లు విప్పిన, తొమ్మిదిసార్లు బిగిచ్చిన.
రెండు పండ్ల నడుమ ఇంకో పన్ను లేదు.
ఈ షాఫ్టు చెక్కినోడు
మనుషుల కాళ్లన్ని ఒక్కతీరుగనే వంగుతయనుకున్నడు.

మా ఉస్తాద్ యాకూబ్ అనేటోడు:
బోల్టు మాట ఇనకుంటే నూనె పొయ్యి,
అప్పటికీ ఇనకుంటే నువ్వు పోయి చాయి తాగు.
ముగ్గురం తాగినం.
"ఎడమదిక్కు గేరుండే బండి కొందాం మామా,
సెల్ఫుతోని సుత స్టార్టయితది" అన్నడు తిర్మల్.
ఆ మాట సరైందే.
అందుకే ఎవ్వలం మాట్లాడలే.
ఓదెలు గిలాస అడుగున చాయిపత్త చూసుకుంట కూసున్నడు.

మర్లి వచ్చినప్పుడు గడప కాడ ఆగిండు.
కాళ్లు తుడుసుకునేటందుకు బెల్టుముక్క ఏసి ఉంటది,
ఈ ఊర్ల ఏ గడపల జూసినా ఉంటది,
బొగ్గు మోసి మోసి అరిగి
బాయిలకెళ్లి బయటవడ్డ బెల్టు.
చేతికట్టెతోని దాన్ని రెండుసార్లు పొడిచిండు.
"ఇది ఎంత మందముంటది?"

గోరు పెట్టి చూసిన. అర పన్ను.

ఆక్సాబ్లేడుతోని జానెడు కోసిన.
కాలు పెట్టే రాడుకు చుట్టి, బైండింగు తీగతోని కట్టిన.
లివరు పై పన్ను మీదనే. కాలు అర పన్ను మీదికి.
ఒకటి వడ్డది.
రెండు, జెరంత ఆలోచించి, వడ్డది.
మూడు. నాలుగు.
తిర్మల్ చక్రం తిప్పుడు ఆపి
మామ దిక్కు గాదు, కాలు దిక్కు చూసిండు.

"ఎంతయింది?"
"బోల్టు పాతదే. బెల్టు కంపెనిది."
అయినా చాయి పైసలు గల్లల ఏసిండు.

కిక్కు మాత్రం తిర్మలే కొట్టిండు.
అది గూడ కుడిదిక్కే.
దాని సంగతి ఇంకోనాడు.

ఒక్కడే పోయిండు, చౌరస్తా దిక్కు.
పానా తుడుసుకుంట చెవి వెట్టిన.
ఒకటి. రెండు.
బస్సు అడ్డమొచ్చింది, హారన్ల మోత.
మూడు ఇనరాలే.
ఇంకా ఇనరాలే.
నా కుడికాలు తెల్వకుంటనే నేలను ఒత్తింది.
అప్పుడు వడ్డది.