పదకొండు సూదులు

కువైట్‌లో ముబారకియా సందు, ఖర్జూరాల కొట్టు వెనక
మా ఎనిమిదడుగుల రిపేరు గదికి
బూ సాలెం ప్రతి బేస్తవారం వస్తాడు,
సిగరెట్టు డబ్బాలో దూది పరుచుకుని.
ఈసారి పదకొండు.
కోటు కాలరుకి గుచ్చుకునే పిన్నులు.
జర్మనీవి, యుద్ధం నాటివి, అంటాడు.
ఆ 'అంటాడు' దగ్గరే నా పని మొదలు.

ముందు ముఖం చూడను. వీపు చూస్తాను.
ముఖానికి ఎవరైనా అబద్ధం నేర్పగలరు,
వెనక టంకం అతికిన చోట
తొందరపడ్డ చెయ్యి దాక్కోలేదు.
ఆ కాలం సూదికి నడుమ చిన్న మెలి ఉంటుంది,
బట్టలోంచి జారిపోకుండా.
ఈ నాలుగూ గుండుసూదుల్లా నున్నగా ఉన్నాయి.
పక్కకి.
ఈ మూడూ మూసలో పోసినవి,
భూతద్దం కింద దోసె మీద లేచినట్టు బొక్కలు.
అచ్చు గుద్దితే అంచు తెగుతుంది,
ఇవి వాడేసిన సబ్బు.
తుత్తునాగం ముసలిదైతే తనే బూడిద పూస్తుంది.
ఈ రెండింటి ముసలితనం
బూటు పాలిషు వాసనేస్తోంది.

ప్రొద్దుటూరులో మా మేనమామ ఓబులాచారి
ఇత్తడిని నాలిక మీద పెట్టి పాలు చెప్పేవాడు.
వీటిని నేను నాలిక మీద పెట్టను.

మిగిలిన రెంట్లో ఒకటి తెలీదు.
తెలీదనే చెప్పాను, ముఖం ముడుచుకున్నాడు.
రెండోది
వంగి, మళ్ళీ సాపైన సూది.
మెలిలో ఇరుక్కున్న బూడిదరంగు ఉన్ని పోగు.
ఎనామిలు ఒక్క పక్కే అరిగింది,
బొటనవేలు అలవాటుగా ఆనేచోట.
"అసలుదే" అన్నాను.
బూ సాలెం నా నుదురు ముద్దుపెట్టుకున్నాడు.

ఏసీ ఆపమన్నాను కాసేపు.
ఎవరి తలుపు తట్టబోతూ
దీన్ని సరిచేసుకున్నాడో ఆ వేలివాడు.
అటు పక్కన తొమ్మిది దొంగవి,
పాపం, ఎవర్నీ ఏమీ చెయ్యనివి.

ఆదివారం వేలిముద్రల ఆఫీసు.
ఇరవై రెండేళ్ళ ఆకురాయి, ఆమ్లం
నా గీతలన్నీ తినేశాయి.
యంత్రం ఎర్రగా మెరిసి ఒప్పుకోనంది.
మళ్ళీ పెట్టు, అన్నాడు కుర్రాడు. మళ్ళీ.
చొక్కాకి తుడుచుకుని పెట్టాను.
చెయ్యి తిప్పి వెనక చూస్తే
కాలిన మచ్చలన్నీ అక్కడే ఉన్నాయి, చూడలేదు.

చొక్కా రెండో గుండీ ఊడి చాన్నాళ్ళయింది.
దాని చోట ఆ తొమ్మిదిలో ఒకటి,
అడిగి తెచ్చుకున్నది,
గద్ద బొమ్మ పూర్తిగా అరగదీసి.