జానెడు

వనపర్తి డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పేది నేనొక్కణ్ణే.
ఈ ఏడు వినేవాళ్లు నలుగురు.
అందులో ఒకడు బస్సు దొరికితేనే వస్తాడు.

ఆ సోమవారం పాఠం గ్రీకులది.
కత్తికి తెగడం గుణం, కంటికి చూపు గుణం,
మరి మనిషికి ఏది గుణం అని అడిగితే
వెనక బెంచీ సుకన్య అంది:
'మందుకైతే తగ్గించుడు గుణం సార్.
మా నాయినమ్మ రోజూ అడుగుతది, గుణమొచ్చిందా అని.'
నవ్వాం. నోట్సులో లేని ముక్క అది,
బోర్డు మీద రాశాను.

తర్వాత చెప్పాను:
ఇళ్లు కట్టి కట్టి మేస్త్రీ అవుతాడు,
న్యాయం చేసి చేసి న్యాయవంతుడు.
తెలిసి ఎవడూ తప్పు చేయడన్నాడట ఒక ముసలాయన.
ఐదు మార్కుల ప్రశ్న, తప్పక వస్తుంది.

పెబ్బేరు రోడ్డు దిగువన నా ప్లాటుకి ప్రహరీ లేస్తోంది.
వడ్డె తిమ్మన్న కడుతున్నాడు, గుండ్రాళ్లతో.
ఏ రాయీ ఇంకో రాయిలా ఉండదు.
ఒక్కోదాన్ని తిప్పి తిప్పి, సుత్తె ఎత్తకముందే
వేలితో తడిమి అడుగుతాడు
నువ్వెటు కూసుంటవు అని.
పునాదికి కట్టిన దారం మాత్రం ఎవరి మాటా వినదు.

దారానికి అవతల మన్నెమ్మ జాగా.
మూడేళ్లుగా ఆమె భీవండిలో ఉంది.
'జానెడు అటు జరపరాదా తిమ్మన్నా' అన్నాను,
మాటవరసకన్నట్టు.
తంబాకు నలుపుతూ అతనన్నాడు
'ఆమె ఈడ లేదు గద సార్.'
లేదు కాబట్టి జరపొచ్చనా,
లేదు కాబట్టి జరపొద్దనా,
విడమరచలేదు.

ఆ రాత్రి వెన్నెల, సాక్ష్యం చెప్పేంత తెల్లగా.
నేనే వెళ్లాను. మేకు పీకాను. జానెడు కొలిచాను,
నా జానే, సుద్దముక్క పొడి అంటిన జాన.
రాయితో కొడితే చప్పుడవుతుందని
చెప్పు తీసి దాంతో దిగ్గొట్టాను.
తెలియక కాదు.
ఆ ముసలాయనతో ఇక్కడ నాకు పేచీ:
అయ్యా, తెలిసే.
పాఠం మొత్తం నోటికొచ్చి ఉండగానే.

తెల్లారి తిమ్మన్న వచ్చాడు.
ఒక కన్ను మూసి దారం వెంట చూశాడు.
తెరిచిన కన్ను నా వైపు తిప్పలేదు.
'రాత్రి గాలి బగ్గ కొట్టినట్టుంది సార్.'
మేకు పీకి పాత చోటే నాటాడు.
కొలవలేదు. మట్టిలో పాత కన్నం ఇంకా నోరు తెరుచుకునే ఉంది.

ఆ రాత్రి గాలి లేదు. ఆకు కదల్లేదు.

గ్రీకు దీవుల్లో ఒకచోట మేస్త్రీలు
సీసంతో కొలబద్ద చేసుకునేవారట,
రాయి వంపును బట్టి వంగి కొలిచేది.
పదిహేడేళ్లుగా చెబుతున్నాను,
దాన్నెన్నడూ కంటితో చూడలేదు.
ఒక చిన్న అబద్ధం నన్నింత సరిగ్గా కొలుస్తుందని
అనుకోలేదు.

గోడ నడుమెత్తు లేచింది.
'జర మాలు కలుపుతవా సార్, పిలగాడు రాలె' అన్నాడు.
చొక్కా చేతులు మడిచాను.
మొదటిసారి నీళ్లెక్కువయ్యాయి, రెండోసారి ఇసుక.
తట్ట అందుకుంటూ, చూడకుండానే,
'చేస్తుంటె వస్తది' అన్నాడు.