మొదటి గడి

నానక్‌రామ్‌గూడలో పద్దెనిమిదో అంతస్తు.
నా షీటులో ఎడమ నుంచి కుడికి పదేళ్ళు నడుస్తాయి.
మొదటి గడిలో బాలానగర్ వాల్వుల కంపెనీ,
షేరుకు అరవై రూపాయల లాభం.
చివరి గడిలో అదే కంపెనీ,
నేను పెంచి పెద్ద చేసింది,
ఇంకా తవ్వని బోర్లకు
ఇంకా వేయని పైపులకు
వాల్వులు బిగిస్తూ ఉంటుంది.

ఏటా పన్నెండు శాతం పెరుగుతుందన్నాను పొద్దున.
భోజనమయ్యాక పదిహేను అన్నాను.
ఒక్క మీట నొక్కాను, అంతే.
బజార్లో ఎనిమిది వందల నలభై పలికే షేరు
నా తెర మీద పదహారు వందల నుంచి
రెండు వేల నూట యాభైకి ఎగిరి కూచుంది.
ఆ నిమిషాన బాలానగర్‌లో
ఎవరూ ఒక్క మర అదనంగా తిప్పలేదు.

ఆలు లేదు, చూలు లేదు.
సోమలింగానికి మేం
ఆరో తరగతి ఫీజు కూడా కట్టేశాం.

శనివారం కాగితాలు పట్టుకుని కోఠీ వెళ్ళాను.
బ్యాంక్ స్ట్రీట్ వెనక, ఇరుకు మెట్లెక్కితే
ఆగమయ్య సార్ గది.
ముప్పై ఏళ్ళు చిన్న చిన్న ఫ్యాక్టరీల పద్దులు చూసి
అరిగిన కళ్ళద్దాలు.
నా పదేళ్ళనూ అరచేత్తో మూసేశాడు.
మొదటి గడి ఒక్కటే
బొటనవేలి పక్కన బయటికి తొంగి చూసింది.

"గిదేంది?"
లాభం సార్, పోయిన మార్చి దాకా.
"గిది చాలు. మిగిలింది నువ్వు రాసిన కత.
బాగనే రాసినవ్."

కొందరు పేపరును ఆటల పేజీ నుంచి చదివినట్టు
ఆయన వార్షిక నివేదికను వెనక నుంచి చదువుతాడు.
నూట పన్నెండో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో
పాత షెడ్డు అమ్మిన డబ్బు దొరికింది,
షేరుకు ఎనిమిది రూపాయలు.
"కోడినమ్మిన పైసలు
గుడ్ల లెక్కల రాస్తరా ఎవలన్న?"
అరవై కొట్టేసి యాభై రెండు రాశాడు.
నాకు ఆ పేజీ ఉందనే తెలియదు.

అప్పుడెందుకో నా ప్లాటు గుర్తొచ్చింది.
షాద్‌నగర్ దాటి, మట్టి రోడ్డు దాటి, అప్పు దాటి.
బ్రోచర్లో చెరువుంది, చెరువులో హంసలున్నాయి.
పోయిన ఆదివారం వెళ్తే
హద్దురాళ్ళ మీద మేకలు నిలబడి ఉన్నాయి.

"పదహారేండ్లు," అన్నాడు పెన్సిల్ కింద పెట్టి.
"గింతనే మిగులుతుంటే, నువ్వు పెట్టింది పెట్టినట్టు రానీకె
పదహారేండ్లు. ఓపికుందా?
ఉంటే కొను. పెరిగిందనుకో, కొసరు.
కొసరుకు ముందుగాల పైసలిస్తరా?"

జీడిమెట్ల మందుల కంపెనీ సంగతేంటి సార్, అన్నాను.
నలభై రెట్లకు వద్దన్నారు మీరు,
అది పదింతలైంది.
సాసర్లో చాయ్ ఊదుకున్నాడు కాసేపు.
"ఎక్కని బస్సుకు టికెట్ కొట్టలే గద."
తర్వాత, కిటికీ వైపు తిరిగి,
ఆ షేరు నిన్నటి ధర
పైసలతో సహా చెప్పాడు.
నేను అడగలేదు.

ఆదివారం రాత్రి తొమ్మిది గడులూ చెరిపేశాను.
తెర మీద ఇంత ఖాళీ నేనెప్పుడూ చూడలేదు,
సామాన్లు తీసేసిన అద్దె ఇల్లులా ఉంది.
యాభై రెండు ఒక్కటే
మూలకు ఒదిగి కూచుంది.

సోమవారం మీటింగులో
టార్గెట్ ఏదీ అని అడిగింది మేనేజర్ యామిని.
ఇది ఈ ఏడు మిగిలింది, అన్నాను.
అది సరే, టార్గెట్ ఏదీ?

అద్దం అవతల, పక్క ప్లాట్లో,
ఒక క్రేను
ఇంకా లేని అంతస్తుకు
ఇనుము ఎత్తుతోంది.