పదకొండుంబావు

ఎనిమిది నెలలు రాశాను ఈ రోజుని.
స్కూలు వంటగదిలో, శనగలు ఉడికేలోపు,
సరుకుల లెక్కల పుస్తకం వెనక పేజీల్లో:
తొమ్మిదికి వంతెన, పదికి పడవ,
పదకొండుంబావుకి మ్యూజియం.
టికెట్టు మీది వేళ దాటితే లోపలికి రానివ్వరు.
డబ్బూ వెనక్కి ఇవ్వరు.

తేరుయెల్ నుంచి వచ్చాం మేం.
ఆ మెట్టనేలల్లో వాన
అప్పు తీసుకున్నవాడిలా మొహం చాటేస్తుంది.
ఇక్కడేమో నీళ్లకి ఏ తొందరా లేదు,
వీధి వీధంతా పడుకుని
ఇళ్లని తలకిందులుగా పట్టుకున్నాయి.

ఆమ్‌స్టర్‌డామ్ ఇళ్లు ముందుకి వంగి ఉన్నాయి,
నెత్తిన ఒక్కో కొక్కెంతో.
"పడతాయేమోరా" అంది మా అత్తగారు విసితాసియోన్.
ఎనభై రెండేళ్లకి మొదటిసారి విమానమెక్కి
దిగేదాకా సంచీ ఒళ్లోంచి కదపని మనిషి.
"సామాను లాగడానికమ్మా" అన్నాడు ఎవుసేబియో,
"లోపల మెట్లు ఇరుకు,
ఇక్కడ బీరువాలు కిటికీలోంచే కాపురానికొస్తాయి."
ఆయన ప్లంబరు. ఏ ఊరెళ్లినా
ముందు గొట్టాలు, తర్వాతే గోపురాలు.

సైకిలు గంటలు మమ్మల్ని నాలుగుసార్లు తిట్టాయి.
పడవలో అద్దాలకి ఆవిరి పట్టి
పక్కవాళ్ల గొడుగులు తప్ప ఏం కనబడలేదు.
సన్నగా వాన.

మ్యూజియానికి ఇంకో రెండు వంతెనలనగా
ఆగిపోయింది మా ఊరేగింపు.
ఒక పంటు మీద ఇనప చెయ్యి
కాలువలోకి దిగి, అడుగున కాసేపు తడుముకుని
పైకి లేచింది,
పిడికిలి నిండా సైకిళ్లు.

నాచు కారుతోంది. చైన్లు వేలాడుతున్నాయి.
"ఒకటి, రెండు, మూడు..." మొదలెట్టాడు బ్రౌలియో,
పొద్దుటి నుంచీ "ఇంకెంత దూరం" తప్ప
వేరే మాట ఎరగని మా ఏడేళ్లవాడు.
"ఊరి గొంతుకి అడ్డం పడ్డవి తీస్తున్నారు"
అన్నాడు వాళ్ల నాన్న, భక్తిగా.

"పదకొండయింది" అన్నాను.
"ఇంకొక్కటి" అన్నారు ముగ్గురూ.
"పదకొండూ పది."
పంజా మళ్లీ మునిగింది.
మూత పెట్టిన గిన్నెలా ఉడికాను.
ఇంత ఓవర్‌టైమూ చేసింది
ఈ బురద చూడ్డానికా?

అప్పుడొచ్చింది, ముప్పై నాలుగోదో ఐదోదో,
హ్యాండిలు ముందు పిల్లల సీటుతో.
సీటు బెల్టు పెట్టే ఉంది.
బ్రౌలియో లెక్కపెట్టడం మానేశాడు.
అత్తగారు శిలువ గీసుకుంది.

పక్కనే ఇంటిపడవ మీద ఒకావిడ
రేకు కింది కుండీలకి నీళ్లు పోస్తూ
మా మొహాలు చూసి నవ్వింది. పేరు హిల్యే.
ఎప్పటి సెలవుల్లోనో నేర్చిన ముక్కల స్పానిష్‌లో చెప్పింది:
గాలి తోస్తుంది, దొంగలు తోస్తారు,
తాగినవాళ్లు తోస్తారు.
పిల్లలు ఇంకో సైకిలెక్కి ఇంటికెళ్లిపోతారు.
కంగారుపడకండి.
నాదీ ఒకటుంది అడుగున, ఎర్రది.
పందొమ్మిదేళ్లయింది.
పంటు వచ్చినప్పుడల్లా బయటికొచ్చి చూస్తాను.

"దొరికితే?" అన్నాను.
నీళ్ల డబ్బా కిందపెట్టి ఆలోచించింది.
"ఏమో. ఇప్పుడు మోకాళ్లు ఒప్పుకోవు" అని
కాఫీ పెడతానంటూ లోపలికెళ్లింది.

గట్టు మెట్ల మీద కాగితాలు విప్పుకుని
ఎండు హామ్ పెట్టిన రొట్టెలు తిన్నాం.
హిల్యే కాఫీ కారంగా ఉందంటే
అల్లం వేశానంది.
జేబులో టికెట్లు నాని ఒకదానికొకటి అతుక్కున్నాయి.
ఎప్పుడు దాటిందో పదకొండుంబావు,
నేను చూడలేదు.

రాత్రి హోటలు మెట్లు నిచ్చెన లాంటివి.
అత్తగారిని ఎవుసేబియో పైనుంచి లాగితే
నేను కిందనుంచి నెట్టాను.
"మనకి కొక్కెం లేకపోయిందే" అంది, రొప్పుతూ.

దీపం ఆర్పాక లెక్క దగ్గర గొడవ.
బ్రౌలియో నలభై ఒకటి అంటాడు,
వాళ్ల నాన్నా అంతే.
"నలభై రెండు" అంది చీకట్లో అత్తగారు.
"ఎర్రదొకటి వచ్చింది, నాచు కింద.
ఆవిడ లోపల కాఫీ పెడుతోంది.
పిలుద్దామనుకున్నా.
మోకాళ్లన్న మాట గుర్తొచ్చి ఊరుకున్నా."

ఎవరూ మాట్లాడలేదు.
కిటికీ కింద నీళ్లు ఏదో పడవని నెమ్మదిగా గట్టుకి కొడుతున్నాయి.
నేను లేచి, ఫోను వెలుగులో,
పుస్తకంలో రేపటి పేజీ తీశాను.
తొమ్మిదికి రాసినదాన్ని కొట్టేసి
రాశాను: హిల్యే.
చెప్పాలా, వద్దా, నడుస్తూ తేల్చుకుంటాం.