నూట పదిహేడు

అట్టకి అంకె లేదు.
దాని వెనక తెల్ల పుటకీ లేదు.
అంకితానికి సన్నని రోమన్ మూడు, కృతజ్ఞతలకు అయిదు.
ఇలా గొంతు తగ్గించి నడిచి నడిచి
పదహారు పుటలు దాటాక
ఒకటి, అని గట్టిగా పలుకుతుంది పుస్తకం.

తెర మాత్రం అట్టనే ఒకటంటుంది.
బూట్లు విడిచే చోటుని కూడా
గదిగా రాసుకునే కొలతలవాడి లెక్క దానిది.

తార్తులో ఫిబ్రవరి.
కిటికీ అవతల ఎమాయొగి నది
కదలడం మానేసి పన్నెండు రోజులు.
నేను టెక్‌లో పుస్తకాలు పేర్చే మనిషిని.
ఊర్వె గారి ముప్పై ఏళ్ల పని,
పేఇప్సి సరస్సు జాలరుల మంచు మాటల నిఘంటువు
నా బల్ల మీదుగానే అచ్చుకి వెళ్ళింది.

సెమినార్‌లో ఆవిడ, "నూట పదిహేడు తీయండి" అన్నారు.
కాగితం పట్టుకున్న ముసలి కాలెవ్ తీశాడు.
తెరల మీద వేళ్ళున్న ఏడుగురూ నూట ఒకటిలో దిగారు.
'రాత్రి మోగే మంచు' కోసం వెళ్ళి
'కుళ్ళిన మంచు' మీద నిలబడ్డారు.
"సరస్సు మీదైతే ఈపాటికి
మీ టోపీలే తేలేవి" అన్నాడు కాలెవ్.

అందరూ నవ్వారు, లేలో తప్ప.
ఆమెకు చూపు లేదు.
చెవిలో యంత్రం నూట పదిహేడంది, ఆమె నమ్మింది.
పుటంతా చదివి, అట్టడుగున
అదే యంత్రం నూట ఒకటి అని గొణిగింది.
"ఇందులో ఏది నిజం?" అని అడిగింది,
నింద లేకుండా, టైము అడిగినట్టు.
ఆమె వెతుకుతున్నది వాళ్ళ తాత చెప్పిన మాట.

ఆ రాత్రి ఫైలు తెరిచాను.
తప్పు నాదే.
పుట పేర్లు లోపలికి పంపొద్దని
ఎప్పుడో ఎవరి పనికోసమో రాసిన ఒక ఫాల్స్‌ని
పుస్తకం నుంచి పుస్తకానికి మోసుకొచ్చాను,
చొక్కా జేబులో పాత బస్సు టిక్కెట్టులా.
లాగ్‌లో హెచ్చరిక కూడా ఉంది:
ఈ పేరుతో ఇంకొకటుంది, రెండోదాన్ని వదిలేస్తున్నాను, అని.
ఎవరు చదువుతారు లాగ్?
ఒకే వీధిలో ఇద్దరు యాన్ తమ్‌లుంటే
పోస్టుమాన్ మొదటి తలుపే కొడతాడు.

ఫాల్స్ తీసి ట్రూ పెట్టాను.
ముందుభాగానికీ అసలుభాగానికీ మధ్య గిరి గీశాను.
అట్టకి అంకె వద్దు గనక, అట్ట అనే పేరే ఇచ్చాను.
మొదటిసారి నడిపితే పుస్తకానికి తన సంగతి తనకు తెలియదు,
పక్క ఫైల్లో రాసుకుంటుంది అంతే.
రెండోసారి ఆ రాతను తనే చదువుకుని
అప్పుడు లేస్తుంది.
ఈ లోపు టీ చల్లారింది. తాగేశాను.

పొద్దున్న లేలో నూట పదిహేడు కొట్టింది.
తెర పైన గడిలో నూట పదిహేడు,
పక్కన చిన్నగా, మూడు వందల పన్నెండులో నూట ముప్పై మూడోది అని.
యంత్రం చదివింది:
"రాత్రి మోగే మంచు. మోగినంతసేపు భయం లేదు.
మాట మానేస్తే, వల వదిలేసి ఒడ్డుకి రా."
అట్టడుగు అంకె వచ్చేదాకా వింది లేలో.
ఊఁ, అంది. హెడ్‌ఫోన్ నా చెవికి పెట్టింది.

పాత ఫైలు ఎంతమంది దించుకున్నారో తెలియదు.
వాళ్ళింకా
కుళ్ళిన మంచు మీదే ఉన్నారు.