నిలబడినప్పటి లెక్క

మే నెల. సిరొంచకు ఇవతల తునికాకు కల్లం.
దుర్గం పోచుబాయి పొద్దుటి నుంచి గొంతుక్కూర్చునే ఉంది.
కట్ట పక్కన కట్ట,
లెక్క మరాఠీలో, తిట్టు తెలుగులో.

మున్షీ పిలిచాడు. లేచింది.
ఎండ ఆమె కళ్లలో ఒక్కసారి నల్లబడింది.
గాల్లో వెతికిన చెయ్యి నా భుజం మీద పడింది.
"నావల నిలబడ్డట్టుంది సిస్టరమ్మా."

నాకు తెలిసిన మాటే. వంతెన రాకముందు
టీకాల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఏరు దాటేదాన్ని.
నడిమధ్యలో ఎవరో ఒకరు లేస్తారు,
మేకను సర్దడానికో, బీడీకి నిప్పు అడగడానికో.
నావవాడు తలెత్తడు.
గడ మీద అరచెయ్యి ఒక్క అంగుళం జారుతుంది,
నావ మళ్లీ సమం.
లేచినవాడికి తెలియనే తెలియదు.

దవడ కింద, మెడలో నాడి కొట్టుకునే చోట
అలాంటివాడే ఒకడున్నాడు.
మనిషి లేస్తే సీసాడు నెత్తురు కిందికి జారుతుంది,
పల్లం ఎరుగుతుంది అదీ.
నాళపు గోడ సాగుడు కొంచెం తగ్గుతుంది.
వాడికి ఆ కబురు చాలు:
గుండెను నాలుగడుగులు తొందరపెడతాడు,
తొడల్లో, కడుపులో దారులు బిగిస్తాడు.
నడక మొదలైతే పిక్కలు పిండి పైకి తోస్తాయి.
అరవై ఏళ్లుగా పోచుబాయికి
రోజుకు ఎన్నిసార్లో, కూలి అడక్కుండా.

ఈ మధ్య వాడి చెయ్యి ఆలస్యం.
వయసు కొంత, ఎండ కొంత,
చాటు దొరకదని తాగకుండా ఆపుకున్న నీళ్లు కొంత,
నేనే ఇచ్చిన తెల్లమాత్ర కొంత.

గోనెల మీద పడుకోబెట్టి చూశాను. నూట ముప్పై ఆరు.
నిలబెట్టి, నిమిషానికి నూట ఎనిమిది.
మూడో నిమిషానికి నూట ఇరవై రెండు.
వచ్చాడు.

రిజిస్టర్‌లో బీపీకి ఒకటే గడి,
అదీ కూర్చున్న మనిషికి.
నిలబడ్డ అంకెలు అంచున రాశాను, తెలుగులో,
జిల్లా ఆఫీసులో ఎవరూ చదవని చోట.

"మెల్లగ లేవాలె అమ్మా. ముందు పాదాలు ఆడించు.
నీళ్లు తాగు. మాత్ర సంగతి డాక్టర్‌ను అడుగుత."
"నేను మెల్లగ లేస్తె మున్షీ ఆగుతడా?"

దీనికి నా సంచిలో ఏమీ లేదు.
సంచి కట్టడానికే వంగి, లేచాను.
కల్లం అంతా ఒక పక్కకు ఒరిగింది.

పోచుబాయి చెయ్యి అప్పటికే నా మోచేతి కింద ఉంది.
తలెత్తలేదు.
సత్తర్, అంటోంది కట్టలతో, ఎకాహత్తర్.